ఆచ్ఛాదనము - పరభావము
(వేషవర్ణములు పాత్రస్వరూపమును మార్చు రీతిని గూర్చి ఒక విచారణ)

ఆంగికము, వాచికము, సాత్త్వికము, ఆహార్యము అని అభినయములు నాలుగు. వీనిలో మొదటి మూడింటికిని నటుని దేహము, వాక్కు, మనస్సు ఆశ్రయములు. నాల్గవదానికి మాత్రము వెలుపలి వస్తువులే ఆశ్రయములు: రంగు, వస్త్రము, నగ, కిరీటము. ఈ కారణముచేతనే కాబోలు, ఆహార్యమును తక్కువ చూపు చూచుట మన పాఠశాలలలో పరిపాటి యైనది. నేను చదువుకొన్న చోట నాట్యశాస్త్రపాఠము రసాధ్యాయముతో మొదలై భావాధ్యాయముతో ముగిసెడిది. ఆహార్యాధ్యాయమును గూర్చి అడిగినపుడు మా గురువుగారు "అది నేపథ్యశాలలోని వారి పని, మనకేల?" అనిరి. ఆ మాటనే నేనును నా విద్యార్థులతో ఇరువది సంవత్సరములకు పైగా అనుచు వచ్చితిని. ఆ ఉపేక్షవలన హర్షుని రూపకములను పలుమారులు పాఠము చెప్పియు, వానిలోని ముఖ్యమైన మర్మమును విద్యార్థులకు అందింపలేకపోతిని. ఈ వ్యాసము ఆ లోపమును కొంతవరకైన దిద్దుకొను ప్రయత్నము.

భరతుడు ఆహార్యమును పుస్తము, అలంకారము, అంగరచన, సంజీవము అని నాలుగు విధములుగా విభజించెను. కొన్ని ముద్రణములలో ఇది 21వ అధ్యాయము, కొన్నింట 23వది. కొండలు, రథములు, ఆయుధములు మొదలగు కృత్రిమ వస్తువులు పుస్తము. ప్రాణులను రంగమున ప్రవేశపెట్టుట సంజీవము. ఈ రెండింటితో మనకిప్పుడు పని లేదు. దేహమునకును ముఖమునకును రంగు పూయుట అంగరచన. సితము, నీలము, పీతము, రక్తము అను నాలుగును మూలవర్ణములు. తెలుపును పసుపును కలిసిన పాండువు, తెలుపును ఎరుపును కలిసిన పద్మవర్ణము, పసుపును నీలమును కలిసిన హరితము, ఎరుపును పసుపును కలిసిన గౌరము. నీలము అన్నిటికంటె బలమైనది గనుక దానిని తక్కువ పాలు కలుపవలెనని కూడ ఆయన హెచ్చరించెను. స్వయముగా రంగులు నూరి కలిపి చూచినవారికి గాని తెలియని మాట యిది.

పిమ్మట ఎవరికి ఏ రంగో చెప్పబడినది. దేవతలు, యక్షులు, అప్సరసలు గౌరవర్ణులు. చంద్రుడు, బృహస్పతి, శుక్రుడు, వరుణుడు, హిమవంతుడు, గంగ, బలరాముడు శ్వేతవర్ణులు. అంగారకుడు రక్తవర్ణుడు. నరనారాయణులును వాసుకియు శ్యాములు. దైత్యదానవరాక్షసులు అసితులు, అనగా నల్లనివారు. రాజులకు పద్మ, శ్యామ, గౌరవర్ణములలో ఏదైనను చెల్లును. జనపదముల పట్టికలో కిరాత, బర్బర, ద్రమిళ, పుళిందులతోను, కాశీకోసలవాసులతోను చేర్చి ఆంధ్రులకు కూడ ప్రాయికముగా అసితవర్ణమునే విధించెను. 'ప్రాయేణ' అను పదము అచ్చట నున్నది గనుక మనలో తెల్లని మేనివారు ఎవరును నొచ్చుకొన నక్కరలేదు.

ఈ పట్టికను వంటసామగ్రి జాబితావలె చదివి పేజీ త్రిప్పువారు ఒక విశేషమును గమనింపరు. దుష్కర్ములకును, గ్రహములు సోకినవారికిని, రోగులకును, తపస్సుచే కృశించినవారికిని కూడ ఆ నల్లని రంగే విధింపబడినది. పాపాత్మునకును తపస్వికిని ఒకే వర్ణమా? అవును. దీనివలన రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది, వర్ణము జాతిని మాత్రమే గాక అవస్థను కూడ చెప్పును. పద్మవర్ణుడైన రాజు రోగగ్రస్తుడైనచో నల్లబడును, కాని రాజు రాజే. రెండవది, వర్ణము తనంతట తాను నిర్ణయము చేయజాలదు. అక్షరము ఒక్కటే అయినను పదమును బట్టి అర్థము మారునట్లు, ముఖమున పూసిన రంగు సందర్భముతో కలిసినపుడే ఇతడెవడో చెప్పును. ఈ రెండవ సంగతిని కవులు ఎంత చక్కగా వాడుకొనిరో ముందు చూడగలము.

ఇక ప్రకరణమునకు కీలకమైన దృష్టాంతము. జంతువు, అనగా జీవుడు, తన స్వభావమును విడిచి, అన్యదేహమును ఆశ్రయించి, ఆ దేహమునకు చెందిన స్వభావమును పొందునట్లు, వేషముచేతను వర్ణములచేతను కప్పబడిన పురుషుడు ఎవని వేషమును ధరించునో వాని భావమును చూపునని భరతుని తాత్పర్యము. ఇచ్చట ఉపమానమున జీవునకు వాడిన క్రియ 'భజతే'. ఉపమేయమున నటునకు వాడిన క్రియ 'ప్రకురుతే'. జీవుడు పరస్వభావమును పొందుచున్నాడు. నటుడు పరభావమును చేయుచున్నాడు. ఉపమలో సాధర్మ్యమును చెప్పుచున్నచోట ఒకే క్రియను రెండుచోట్లను వాడుట సహజము. క్రియను మార్చుట దేనికి?

ఛందస్సు కొరకు మార్చెనందురా? 'స భజతే' అనినను గురులఘువులు మారవు, పాదము చెడదు. పునరుక్తిని తప్పించుటకందురా? నాట్యశాస్త్రము పునరుక్తికి జంకిన గ్రంథము కాదని దానిని చదివినవారందరును ఎరుగుదురు. కావున ఈ భేదము బుద్ధిపూర్వకమనియే నా తలంపు. వేషము నటుని మార్చదు. అతనికి పరభావమును నిర్వర్తించు అధికారమునిచ్చును. అభినవగుప్తుడు చెప్పినదియు దీనికి అనుకూలముగనే యున్నది. మకుటప్రతిశీర్షకాదులచే నటబుద్ధి కప్పబడునే గాని, ప్రేక్షకునికి 'ఇతడు రాముడే' అను నిశ్చయము స్థిరపడదని ఆయన మతము. కప్పుట ఒకటి, మార్చుట వేరొకటి.

ఆయన పేర్కొనిన ప్రతిశీర్షకమును గూర్చి ఒక్క మాట. దీనిని నేటివారు కొందరు ముఖమునంతను మూయు కొయ్యమొగముగా అర్థము చేసికొనుచున్నారు. బహుముఖులు, జంతుముఖులు మొదలగు వికృతాకారులకు అట్టిది అవసరమే. కాని నాయకాదులకు అది పొసగదు. ముప్పదియారు దృష్టిభేదములను, నాలుగు విధముల ముఖరాగమును బోధించిన శాస్త్రము ఆ ముఖమునే కొయ్యవెనుక దాచుమని చెప్పునా? సరాయికెలా ఛౌ నృత్యమునందువలె మొగము ధరించినపుడు భావమంతయు మెడకును, భుజములకును, పాదములకును దిగవలసివచ్చును. అది వేరొక కళ, దాని గొప్పతనము దానికున్నది. భరతుని మార్గమున రంగు ముఖముతో కూడ కదలవలెను. కేరళమునందలి కథాకేళిలో పచ్చవేషమునకు మనయోల యను పసుపుపచ్చని ఖనిజచూర్ణమును నీలితో కలిపి పూయుదురు. చెంపల అంచున తెల్లని చుట్టి కట్టుదురు. కన్నులు, కనుబొమలు, పెదవులు మాత్రము స్వేచ్ఛగా కదలును. మన వీథినాటకముల వారు ముఖమునకు పూసెడి అరదళమును హరితాళమే.

ఒక్క క్రియాపదముమీద సిద్ధాంతమును నిలుపుట సాహసమే. కావున కవుల ప్రయోగములను చూడవలెను.

'భజతే' యను పదమునకు అచ్చముగా ఉదాహరణమైన రూపకము ఒకటి మనకు దక్కినది. అది భగవదజ్జుకము. మామండూరు శాసనమున మత్తవిలాసముతో పాటు దీని పేరును కనబడుటచే కొందరు దీనిని కూడ పల్లవ మహేంద్రవర్మ కృతియే యందురు, కొందరు బోధాయనకృతి యందురు. పేరు పొరపాటున యమదూత వసంతసేన యను గణిక ప్రాణములను కొనిపోవును. పరివ్రాజకుడు శిష్యునికి యోగప్రభావమును చూపుటకై ఆమె దేహమున ప్రవేశించును. పొరపాటు తెలిసి తిరిగివచ్చిన యమదూత, గణిక దేహము ఖాళీగా లేకుండుట చూచి, ఆమె జీవమును పరివ్రాజకుని దేహమున ఉంచిపోవును. ఇక గణిక సన్న్యాసివలెను, సన్న్యాసి గణికవలెను మాటలాడుదురు. భరతుడు దృష్టాంతముగా చెప్పిన పరకాయప్రవేశము ఇచ్చట వస్తువే యైనది. ఆహార్యము మాత్రము ఇసుమంతయు మారలేదు. రంగు అదే, నగలు అవే, కాషాయము అదే. దృష్టాంతము ప్రకారము చూచినచో క్రొత్త దేహమును ఆశ్రయించిన జీవుడు ఆ దేహస్వభావమును పొందవలెను. ఇచ్చట జీవుడు తన స్వభావమును వెంటబెట్టుకొని వచ్చెను! కవి శాస్త్రకారుని ఉపమానముతోనే పరిహాసమాడినాడు. వికృతమైన పరవేషము హాస్యమునకు విభావమని రసాధ్యాయమున చెప్పినదే. ఇచ్చట వేషము వికృతము కాదు, లోపలివాడు దానికి పరుడు.

హర్షుని ప్రియదర్శిక ఇంతకంటె సూక్ష్మమైనది. దాని తృతీయాంకమున గర్భనాటకము కలదు. సాంకృత్యాయని రచించిన ఆ నాటకమున ఉదయనుడు వాసవదత్తకు వీణ నేర్పిన పూర్వకథయే ఇతివృత్తము. వాసవదత్త పాత్ర ఆరణ్యకది. ఆమె నిజమునకు ప్రియదర్శిక. ఉదయనుని పాత్ర ఆమె చెలికత్తె మనోరమది. రాణి తన యొడలి నగలనే తీసి ఆరణ్యకకు ఇచ్చును. విదూషకునితోడి మంతనము ఫలితముగా మనోరమకు బదులు రాజే రంగమునకు వచ్చును. అనగా ఉదయనుడు, ఉదయనుని వేషము వేసిన మనోరమగా చెలామణి యగుచు, ఉదయనుని పాత్రను ధరించుచున్నాడు.

దీనిని పాఠము చెప్పునపుడు నేను ఎంతోకాలము 'చమత్కారము' అని ఒక్క మాటతో దాటివేసితిని. ఇప్పుడు చూడగా ఆహార్యసిద్ధాంతమునకు ఇంతకంటె కఠినమైన పరీక్ష వేరొకటి లేదు. రాజు ప్రవేశించగానే రాణి తన భర్తయే వచ్చినాడని భ్రమించి లేచును. నిజమునకు అది భ్రమ కాదు, యథార్థజ్ఞానమే. ఇది నాటకమని సాంకృత్యాయని సమాధానపరుపగా రాణి తన యథార్థజ్ఞానమును భ్రమగా తలచి కూర్చుండును. మనోరమ అభినయమును మెచ్చుకొనును కూడ. వేషము లేనిచోట వేషమున్నదను ఎరుకయే ఆమెకు కన్నులు కప్పినది. ఇచ్చట ఆచ్ఛాదనము రంగులో లేదు, రాజు ముఖముపై లేదు. అది ప్రేక్షకురాలి బుద్ధియందున్నది. నాటకము సాగుకొలది రాజు ఆరణ్యక చేయి పట్టుకొన్న తీరు ఆమెకు రుచింపదు. మునుపు తమ నడుమ అట్లు జరుగలేదని ఆమె పలికినపుడు, కావ్యము గనుక అట్లే యుండవలెనని సాంకృత్యాయని సమాధానము చెప్పును. అలంకారశాస్త్రమును పతివ్రతను బుజ్జగించుటకు వాడిన చోటు మన వాఙ్మయమున ఇంకొకటి కలదో లేదో పండితులు చెప్పవలెను.

తుదకు రహస్యము బయటపడినది అభినయములోని దోషముచేత గాదు. వెలుపల నిద్రించుచున్న విదూషకుడు నిద్రమత్తులో ఎదుట నున్నది మనోరమ యనుకొని నిజము వెడలగ్రక్కును. రాజు 'ప్రకురుతే' యను పదమునకు పూర్తిగా కట్టుబడి తన భావమునే పరభావముగా నిర్వర్తించెను. ఆరణ్యకయు అంతే, రాణివేషము కప్పులోనే ఆమె తన అనురాగమును మొదటిసారి తెలుపగలిగినది. రాణి ఇచ్చిన నగలు లేనిచో ఆ దాసికి ఆ మాట పలుకు అధికారమే లేదు.

రత్నావళిలో హర్షుడు దీనినే తలక్రిందులు చేసెను. సాగరిక వాసవదత్త వేషమున రాజును కలిసికొనవలెనని విదూషకుడును సుసంగతయు ఏర్పాటు చేయుదురు. ఇది తెలిసికొన్న వాసవదత్త తానే ముందుగా వచ్చును. ఆమె ఏ వేషమును వేయలేదు, మేలిముసుగు మాత్రమున్నది. రాజు ఆమెను వాసవదత్త వేషమున నున్న సాగరికగా తలచి ప్రియవాక్యములు పలుకును. రాణి ముఖము రాణికే మారువేషమైనది. ముసుగు తొలగించి 'నేను నిజముగా వాసవదత్తనే' యని తెలుపుకొనవలసివచ్చిన ఆ క్షణమును విద్యార్థులు నవ్వుచు చదువుదురు. నేనును నవ్వుచునే చెప్పితిని. కాని పట్టమహిషికి ఇంతకంటె అవమానము వేరొకటి కలదా? పిమ్మట సాగరిక ఆ వేషముతోనే ఉరి పోసికొనబోగా, రాజు రాణియే ప్రాణత్యాగము చేయుచున్నదని పరుగెత్తి కాపాడును. ఒకే వేషము ఒకసారి నిజమైన రాణిని కృత్రిమను చేసినది, మరియొకసారి కృత్రిమను నిజమైన రాణిని చేసినది. వేషమునందు భేదము లేదు. చూచువాని అపేక్షలోనే భేదమున్నది.

ఇవి మానవుల వేషములు. మాయావేషములలో సంగతి యేమి? శక్తిభద్రుని ఆశ్చర్యచూడామణిలో రావణుడు రామరూపమునను, అతని సారథి లక్ష్మణరూపమునను సీతకడకు వత్తురు. శూర్పణఖ సీతారూపమున రాముని సమీపించును. కూడియాట్టమున ప్రసిద్ధమైన మాయాసీతాంకమిదే. మునులిచ్చిన అంగుళీయకము రామునికడను, చూడామణి సీతకడను కలవు. ఆ రత్నముల స్పర్శచే మాయ తొలగి రాక్షసుని నిజరూపము బయటపడును. ఇచ్చట రూపసామ్యము సంపూర్ణము, కన్నులకు భేదము తెలియదు. అందుచేత కవి స్పర్శను ప్రమాణముగా తెచ్చెను. రామరూపమును దాల్చిన రావణుడు లోపల లేశమంతయు మారలేదు. పరభావమును చేసినాడే గాని పొందలేదు.

దీనికి ఎదురుగా మన పౌరాణికులు చెప్పు కథ యొకటి కలదు. రామరూపమునే దాల్చి సీతకడకు పోరాదా యని యొకరు రావణుని అడుగగా, రాముని రూపమును తలచినంతనే పరస్త్రీయందలి కోరిక నశించుచున్నదని అతడు బదులు చెప్పెనట. ఈ కథలో వేషము లోపలివానిని మార్చును. ఇది 'భజతే' పక్షము. భక్తులకు ఇది మధురము. శక్తిభద్రుడు ఈ పక్షమును అంగీకరించినచో సీతాపహరణమే జరుగదు, నాటకమే లేదు. నా మట్టుకు నేను పురాణకాలక్షేపమున కూర్చున్నపుడు పౌరాణికుని పక్షమునను, పాఠము చెప్పునపుడు కవి పక్షమునను ఉందును. ఇది సిద్ధాంతవిరోధమని ఆక్షేపించువారికి నాకడ ఉత్తరము లేదు.

విరాటపర్వమున ఈ రెండు పక్షముల నడుమ ఒక వస్తువు కలదు. బృహన్నల యగు అర్జునునికి వేషమునకును జడకును కొరత లేదు. కప్పుటకు కష్టమైనది ఒక్కటే: వింటినారి ఒరపిడిచే ముంజేతులందు కట్టిన కాయలు. వానిని కప్పుటకే శంఖవలయములు. అలంకారమునకై పెట్టుకొను గాజు ఇచ్చట గుర్తును దాచు కట్టు అయినది. ఉత్తరగోగ్రహణమున పారిపోవు ఉత్తరుని వెంట బృహన్నల పరుగెత్తగా జడ వీపున ఊగుచుండును. చూచిన సైనికులు కొందరు నవ్వుదురు. అదే పరుగులో కురువీరులు ఆ మెడను, ఆ బాహువులను చూచి, నివురుగప్పిన నిప్పువలె నున్న యితడు అర్జునుడు కాడు గదా యని శంకింతురు. జడ చూచినవారు నవ్విరి, భుజములు చూచినవారు భయపడిరి. తిక్కన తెనిగించిన ఈ ఘట్టమును భాషాప్రవీణ తరగతులలో చెప్పువారు ఆహార్యాధ్యాయమును ప్రక్కన ఉంచుకొని చెప్పినచో విద్యార్థులకు రెండు గ్రంథములును ఒకేసారి తెరచుకొనును.

పురుషుడు స్త్రీపాత్రను ధరించుటను భరతుడు రూపానురూపమను మూడవ ప్రకృతిగా చెప్పెను. ఇది మనకు కూచిపూడి వలన ప్రత్యక్షము. వేదాంతం సత్యనారాయణశర్మగారి (1935-2012) సత్యభామను చూచినవారు ఇప్పటికిని మనలో ఉన్నారు. నేను మొట్టమొదట చూచిన భామాకలాపము మాత్రము అంత ప్రసిద్ధులది కాదు. 1970ల దశకము, విద్యార్థిని, ఒక దేవాలయప్రాంగణమున రాత్రి ప్రదర్శనము. ఇద్దరు తెర పట్టుకొనిరి. ముఖము కనబడక ముందే జడ తెరపైకి వచ్చి వ్రేలాడినది. జనమంతయు 'భామ, భామ' అనిరి. రంగు లేదు, మాట లేదు, ముఖమే లేదు, పాత్ర వచ్చినది.

తెల్లవారిన తరువాత బావికడ ఆ నటుడు ముఖము కడుగుకొనుచుండెను. చెంపల అరదళము సగము పోయి, నుదుటి తిలకము, కాటుక ఇంకను ఉన్నవి. నీళ్లు తోడి యిచ్చుటకు దగ్గరకు పోయిన నేను ఏమరుపాటున "అమ్మా, చేద ఇటివ్వండి" అంటిని. ఆయన నా వంక చూచి నవ్వి, ముదురు మగగొంతుతో "ఇంకా సగమే పోయింది లేవయ్యా" అని చేదను నా చేతికిచ్చెను.